రోజూ నడిచే వీధిలో ఆకురాలు కాలాన్ని ఫొటో తీయడం ఎలా?

ప్రశ్న

మూడేళ్లుగా ఆకులు పండే కాలం రాగానే నేను కెమెరా పట్టుకుని మా నగరంలోని పెద్ద పార్కుకు వెళ్తున్నాను. వెళ్లిన ప్రతిసారీ బాట చివర నిలబడి, రెండు వైపులా ఎర్రబారిన చెట్లను, వాటి మధ్య ఖాళీ బెంచీని తీసుకుని తృప్తిగా ఇంటికి వస్తాను. నిన్న ఆ మూడేళ్ల చిత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ఏ ఏడాదిదో నాకే తెలియలేదు. అంతకంటే ఇబ్బంది కలిగించిన విషయం ఏమిటంటే, అవి ఏ నగరంలో తీసినవో చూసేవారికి కూడా తెలియదు. క్యాలెండరు మీద అచ్చు వేయడానికి పనికొస్తాయేమో గాని, నేను ఉంటున్న ఊరిలో ఈ ఋతువు ఎలా గడుస్తుందో వాటిలో ఎక్కడా కనిపించదు.

ఈసారి పార్కును పక్కన పెట్టి, నిత్యం కంటబడే వాటినే తీయాలనుకుంటున్నాను: తెల్లవారుజామున కాలిబాట ఊడుస్తున్నవారు, రాత్రంతా ఆరుబయట ఉన్న సైకిలు సీటుకు అంటుకుపోయిన తడి ఆకు, బస్సు అద్దం మీద పేరుకున్న ఆవిరి, మొన్నటిదాకా పల్చని చొక్కాలతో తిరిగినవారు ఒక్క వారంలో ఉన్ని దుస్తుల్లోకి మారిపోవడం. అయితే నాకు రెండు చిక్కులు ఎదురవుతున్నాయి. మొదటిది రంగు. కంటికి బంగారంలా కనిపించిన పసుపు ఆకుల చెట్టు చిత్రంలో మసకబారిన మట్టి రంగులో వస్తోంది, ఎర్రని చెట్టేమో ఆకుల వివరమే లేని ఎర్రని ముద్దగా వస్తోంది. రెండవది కూర్పు. ఆకుల మీద దృష్టి పెడితే మనుషులు జారిపోతున్నారు, మనుషుల మీద పెడితే అది ఏ ఋతువులోనైనా తీయగలిగిన మామూలు వీధి చిత్రమైపోతోంది. నా దగ్గర విశాలంగా చూపే 35 మిల్లీమీటర్ల లెన్స్ ఒకటి, దూరాన్ని దగ్గరగా చూపే 85 మిల్లీమీటర్ల లెన్స్ ఒకటి, ఒక ఫోను ఉన్నాయి. ఉద్యోగం వల్ల ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట మాత్రమే దొరుకుతాయి. ఈ పరిమితుల్లో ఏమి చేయవచ్చో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు 1

మీ రంగుల చిక్కు గురించి మాత్రమే చెబుతాను. కూర్పు గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు.

కెమెరాలో వెలుతురును కొలిచే మీటరు తన ఎదుట ఉన్నది ఏదైనా సరే, అది నలుపుకీ తెలుపుకీ నడుమ ఉండే బూడిద రంగు వస్తువేనని అనుకుని లెక్క వేస్తుంది. పసుపు ఆకులతో నిండిన చెట్టు అంతకంటే చాలా ప్రకాశవంతమైనది కనుక, ఆ చెట్టు ఫ్రేమంతా ఆక్రమించినప్పుడు మీటరు దాన్ని నడిమి స్థాయికి దించేస్తుంది. మీరు చెప్పిన మట్టి రంగు అక్కడి నుంచే వస్తోంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (మీటరు లెక్కకు వెలుతురును కలిపే లేదా తగ్గించే అమరికను) +0.7 దగ్గర పెట్టి మొదలుపెట్టండి. పొగమంచు పట్టిన ఉదయాల్లో +1 కూడా అవసరం కావచ్చు.

ఎర్రని చెట్టు దగ్గర జరిగే తప్పు దీనికి నేరుగా ఎదురు. ఎండ పడిన ఎర్రని ఆకులో కెమెరా నమోదు చేసే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు రంగుల చానెళ్లలో ఎరుపు ఒక్కటే హద్దు దాటి పొర్లిపోతుంది, మిగిలిన రెండూ అడుగున ఉంటాయి. కెమెరా వెనక కనిపించే మామూలు హిస్టోగ్రామ్ (చిత్రంలో వెలుగు, నీడ ఎంతెంత ఉన్నాయో చూపే పటం) మొత్తం వెలుతురును లెక్కగడుతుంది, ఆ లెక్కలో ఆకుపచ్చదే పెద్ద వాటా. అందువల్ల ఎరుపు చెడిపోయిన చిత్రానికి కూడా అది అంతా సవ్యంగా ఉందనే చూపిస్తుంది. మూడు రంగులను విడివిడిగా చూపే హిస్టోగ్రామ్‌ను మెనూలో వెతికి పెట్టుకోండి. ఎరుపు గీత కుడి అంచును కొట్టుకుంటుంటే −0.3 నుంచి −0.7 వరకు తగ్గించండి. రా ఫైలులో (కెమెరా పట్టుకున్న సమాచారాన్ని మార్చకుండా దాచే ఫైలులో) తీస్తే తర్వాత సరిదిద్దుకోవడానికి కొంత వెసులుబాటు ఉంటుంది గాని, పూర్తిగా పొర్లిపోయిన ఎరుపును ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు.

ఇక ఆటో వైట్ బ్యాలెన్స్ సంగతి, అంటే వెలుగు రంగును బట్టి కెమెరా తనంతట తానే రంగులను సరిచేసుకోవడం. ఫ్రేములో పసుపు, నారింజ రంగులు ఎక్కువగా ఉంటే అది వాటిని దీపపు వెలుగు వల్ల అంటిన రంగుగా పొరబడి చల్లబరుస్తుంది. దానికి ఆ అధికారం ఇవ్వకుండా పగటి వెలుగుకు, అంటే సుమారు 5500 కెల్విన్‌కు, స్థిరంగా పెట్టండి (కెల్విన్ అంటే వెలుగు రంగును కొలిచే కొలత, ఇక్కడ అంకె పెంచితే చిత్రం వెచ్చబడుతుంది). నీడలో తీసేటప్పుడు 7000 నుంచి 8000 మధ్య పెడితే ఆకుల వెచ్చదనం తిరిగి వస్తుంది.

చాలామంది పట్టించుకోని మరో కారణం ఆకు మీది మెరుపు. ఆకు పైపొర మైనంలా ఉంటుంది, తడిసినప్పుడు అది మరింత నునుపెక్కి ఆకాశపు తెలుపును ప్రతిఫలిస్తుంది. ఆ తెలుపు కింద అసలు రంగు దాగిపోతుంది. పోలరైజర్ ఫిల్టర్ పెట్టి, వ్యూఫైండర్‌లో చూస్తూ నెమ్మదిగా తిప్పితే ఆ మెరుపు తొలగి రంగు బయటపడుతుంది. ఇందుకు ఒకటి నుంచి రెండు స్టాపుల వెలుతురు ఖర్చవుతుంది (ఒక స్టాపు అంటే వెలుతురు సగానికి తగ్గడం) కనుక తెల్లవారుజామున ఐఎస్ఓ, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి, పెంచక తప్పదు. అయితే తడిసిన రోడ్డు మీద దీపాల ప్రతిబింబమే మీకు కావలసినదైతే ఆ ఫిల్టర్‌ను తీసి జేబులో వేసుకోండి. నేను ఒకసారి వాన వెలిసిన సాయంత్రమంతా దాన్ని తీయడం మరచి, దీపాల ప్రతిబింబాలన్నిటినీ నా చేతులతో నేనే తుడిచేసుకున్నాను.

వీటన్నిటికంటే చవకైన మందు ఒకటుంది. చెట్టుకు అవతలి వైపుకు నడవండి. సూర్యుడు మీ వెనక ఉన్నప్పుడు మీరు చూసేది ఆకు ఉపరితలం నుంచి తిరిగివచ్చిన వెలుగు. సూర్యుడు ఆకు వెనక ఉన్నప్పుడు చూసేది ఆకులోని రంగుపదార్థం గుండా వడగట్టుకుని వచ్చిన వెలుగు. అదే ఆకు, అదే నిమిషం, కాని ఈనెలతో సహా వెలిగిపోతుంది. వెనక నీడలో ఉన్న గోడో, నల్లని తలుపో ఉండేలా నిలబడితే చాలు.

జవాబు 2

పై జవాబులో సాంకేతికంగా తప్పేమీ లేదు గాని, నీడలో 8000 కెల్విన్ అన్నచోట నాకు అభ్యంతరం ఉంది. ఈ కాలపు ఉదయాలకు ఉన్న ప్రత్యేకత నీడలు నీలంగా ఉండటం, వాటి మధ్య ఎక్కడో ఒకచోట మాత్రమే వెచ్చని రంగు కనిపించడం. ఆ నీలాన్ని కూడా వెచ్చబరిస్తే చిత్రమంతా ఒకే నారింజ రంగు పులుముకుంటుంది, చలి అనేది మాయమవుతుంది. నేను నీడలో కూడా 5500 దగ్గరే ఉంచి, ఇంటికి వచ్చాక నారింజ, పసుపు రంగులను మాత్రమే కొద్దిగా ఎత్తుతాను. రంగుల గాఢతను మార్చే సాచురేషన్ మీటను మొత్తానికి జరపడం కంటే ఇది మేలు, ఎందుకంటే మనుషుల చర్మం రంగు కూడా ఆ నారింజలోనే కలిసి ఉంటుంది. ఎంత వరకు ఎత్తవచ్చో అక్కడ నిలబడ్డవారి ముఖాలే చెప్పేస్తాయి.

మీ రెండవ చిక్కు నిజానికి పెద్దది. ఆకులా, మనుషులా అని మీరు ఎంచుకోవలసి వస్తోందంటే, ఋతువు ఆకుల్లో మాత్రమే ఉందని అనుకుంటున్నారన్నమాట. మీరు ప్రశ్నలో రాసిన జాబితాను మళ్లీ చదువుకోండి. సైకిలు సీటు, బస్సు అద్దం, ఉన్ని దుస్తులు: వీటిలో ఎర్రని చెట్టు ఒక్కటి కూడా లేదు. మీ కన్ను సరిగానే చూస్తోంది, కెమెరా చేతిలోకి రాగానే మాత్రం పార్కు గుర్తుకొస్తోంది.

ఇద్దరు ఫొటోగ్రాఫర్ల పనిని చూడమని సలహా ఇస్తాను. మొదటివారు సాల్ లైటర్ (1923–2013). ఆయన 1946లో న్యూయార్క్ చేరి, 1952 నుంచి చనిపోయేదాకా ఒకే భవనంలో ఉన్నారు, తన చిత్రాల్లో చాలా భాగం ఆ ఇంటి చుట్టుపక్కల వీధుల్లోనే తీశారు. ఆవిరి పట్టిన అద్దం వెనక మసకగా కదిలే ఒక మనిషి, ఫ్రేములో మూడు వంతులు కప్పేసిన ఏదో నల్లని అడ్డు, ఆ సందులోంచి తొంగిచూసే ఒక ఎర్రని గొడుగు వంటివి ఆయన రంగుల చిత్రాల్లో తరచుగా కనిపిస్తాయి. ఆయన సాధారణం కంటే పొడవైన లెన్సులతోనూ పనిచేశారు కనుక మీ 85 మిల్లీమీటర్ల లెన్స్‌ను వీధికి పనికిరానిదని పక్కన పెట్టకండి. రెండవవారు ప్రాగ్ నగరపు జోసెఫ్ సుడెక్ (1896–1976). మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచేయి పోగొట్టుకున్న ఆ మనిషి, 1940 నుంచి 1954 వరకు తన స్టూడియో కిటికీని ఋతువు తర్వాత ఋతువుగా తీస్తూ వచ్చారు. అద్దం మీద మంచు పడుతుంది, కరుగుతుంది, నీటి చారలు దిగుతాయి, అవతల ఒక వంకర చెట్టు ఆకులు తొడిగి విడుస్తుంది. అవన్నీ నలుపు తెలుపు చిత్రాలే. రంగు లేకుండానే ఋతువును చెప్పవచ్చుననడానికి నాకు అంతకంటే మంచి ఉదాహరణ తెలియదు.

కనుక మీకు ఉన్న రెండు గంటలను ఊరంతా తిరగడానికి ఖర్చు పెట్టకండి. ఒక్క చోటును ఎంచుకోండి. అక్కడ నేపథ్యం శుభ్రంగా ఉండాలి, ఒక చెట్టో తీగో ఉండాలి, మనుషులు తమ పని మీద అటుగా నడిచి వెళ్తూ ఉండాలి. ఫ్రేమును ముందే కూర్చుకుని, ఎక్స్‌పోజర్ సరిచూసుకుని, అందులోకి మనిషి వచ్చేదాకా ఆగండి. వెతుక్కుంటూ తిరిగేవారికి ఆకో మనిషో ఏదో ఒకటే దొరుకుతుంది. ఒకచోట నిలబడినవారికి మాత్రం రెండూ ఒక్కోసారి కలిసి వస్తాయి. ముఖాలు తీయడానికి మొహమాటంగా ఉంటే వీపులు, చేతులు, నీడలు తీయండి. చీపురు పట్టుకున్న చేతులకు చలి ఎంతుందో ముఖాలకంటే బాగా తెలుసు. ఊడ్చేవారిని రోజూ తీయదలచుకుంటే మాత్రం మొదటి రోజే పలకరించి, ఎందుకు తీస్తున్నారో చెప్పండి. అది మర్యాద మాత్రమే కాదు, రెండో రోజు నుంచి వారు మీ కెమెరాను మరచిపోతారు కూడా.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. మూడు చానెళ్ల హిస్టోగ్రామ్ నా కెమెరాలో ఉందని ఈరోజే తెలిసింది. ఒకే చోట నిలబడమన్న సలహా నచ్చింది, ఇంటికి దగ్గరలోని బస్‌స్టాపును ఎంచుకుంటున్నాను. అక్కడ ఒకే ఒక్క చెట్టు, ఒక వీధి దీపం, ఎదురుగా బూడిద రంగు గోడ ఉన్నాయి. ఒక సందేహం మాత్రం మిగిలింది. ఆ చెట్టు ఆకులు ఎర్రబడకుండా నేరుగా గోధుమ రంగుకు తిరిగి రాలిపోయే రకమైతే ఏమి చేయాలి?

జవాబు 3

చెట్టు ఎర్రబడకపోవడం మీ తప్పు కాదు, చెట్టు తప్పు కూడా కాదు. ఆకులో పత్రహరితం విరిగిపోతున్నకొద్దీ అప్పటికే లోపల ఉన్న కెరోటినాయిడ్లు అనే రంగుపదార్థాలు పసుపుగా, నారింజగా బయటపడతాయి. ఎరుపు మాత్రం అలా దాగి ఉన్నది కాదు. ఆంథోసయనిన్లు అనే పదార్థాలను కొన్ని జాతుల చెట్లు ఆ కాలంలో కొత్తగా తయారుచేసుకుంటాయి. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంతటి చల్లదనం ఉన్న ఏడాది ఎరుపు బాగా తేలుతుంది. అందుకే పసుపు దాదాపు ఏటా నమ్మకంగా వస్తుంది గాని, ఎరుపు ఏడాదికో తీరుగా ఉంటుంది. రంగేమీ తిరగని చెట్లున్న నగరాలూ చాలా ఉన్నాయి. అక్కడివారు ఈ కాలాన్ని ఎలా తీయాలి? నా జవాబు: ఎండను తీయాలి.

మన కావ్యాల్లో శరత్తు అంటే తేటపడ్డ నీళ్లు, తెల్లని మబ్బులు, వెన్నెల. ఆకులు రాలడం శిశిరానికి చెందిన పని. అంటే ఈ ఋతువును వెలుగును బట్టి గుర్తుపట్టడం మనకు కొత్తేమీ కాదు. ఈ కాలంలో వెలుగు ఎంతగా మారుతుందో లెక్క చూడండి. ఉత్తరార్ధగోళంలో 45 డిగ్రీల అక్షాంశం మీద ఉన్న ఊరిలో సెప్టెంబరు 22, 23 తేదీల్లో మధ్యాహ్నపు సూర్యుడు 45 డిగ్రీల ఎత్తున ఉంటాడు. నవంబరు 21 నాటికి సుమారు 25 డిగ్రీలకు దిగిపోతాడు. అంటే నడిమధ్యాహ్నం వేళ నిలువెత్తు మనిషి నీడ సెప్టెంబరులో మనిషంతే ఉండి, రెండు నెలల్లో రెండింతలు దాటుతుంది. 15 డిగ్రీల అక్షాంశం మీద అదే సూర్యుడు 75 నుంచి 55 డిగ్రీలకు దిగుతాడు. నీడలు అంత పొడుగు కావు గాని, వేసవిలో నెత్తిన పడే ఎండ ఇప్పుడు ముఖం మీద పడుతుంది. దక్షిణార్ధగోళంలో ఉన్నవారు ఇదే లెక్కను మార్చి నుంచి మే వరకు వేసుకోవాలి.

దీని ఫలితం మీ బస్‌స్టాపు దగ్గరే కనిపిస్తుంది. వేసవిలో ఆ బూడిద గోడ మీద ఏ నీడా పడి ఉండకపోవచ్చు. ఇప్పుడు నీరెండ ఏటవాలుగా వచ్చి చెట్టు కొమ్మలను, బస్సు కోసం నిలబడ్డవారిని, స్తంభాన్ని ఒకే గోడ మీద గీస్తుంది. ఆకులు రాలేకొద్దీ ఆ నీడల్లో కొమ్మలు తేలుతాయి. పైగా సూర్యుడు ఉదయించే సమయం ఈ నెలల్లో త్వరత్వరగా వెనక్కి జరుగుతుంది కనుక, మీరు రోజూ ఒకే గంటకు వెళ్లినా ఒక వారం పూర్తి ఎండ, మరో వారం అప్పుడే తొలి కిరణం, ఇంకో వారం ఇంకా వీధి దీపమే దొరుకుతాయి. మీ ఉద్యోగం మీకు పెట్టిన పరిమితే ఇక్కడ మీకు పనికొస్తుంది.

పొగమంచు కావాలనుకుంటే వాన వెలిసిన మర్నాటి తెల్లవారుజామును చూడండి. రాత్రి ఆకాశం నిర్మలంగా, గాలి కదలకుండా ఉంటే నేల వేడి పైకి పోయి, నేలనంటిన తేమ మంచుగా తేలుతుంది. చెరువులు, పల్లపు వీధులు దానికి అనువైన చోట్లు. సాధారణంగా ఎండ ఎక్కగానే విడిపోతుంది.

మరో సంగతి. మీ చెట్టు వీధి దీపం పక్కనే ఉందన్నారు కదా, దీపానికి ఆనుకుని ఉన్న కొమ్మలను గమనించండి. కొన్ని జాతుల్లో దీపం వెలుగు పడే ఆకులు మిగతా చెట్టు కంటే ఆలస్యంగా రాలుతాయి. 1936లోనే ఒక వృక్షశాస్త్ర పత్రికలో దీని మీద వ్యాసం వచ్చింది. రాత్రిపూట చెట్టంతా మోడై దీపం చుట్టూ మాత్రం ఒక గుత్తి ఆకులు మిగలడం నగరంలో తప్ప కనిపించే దృశ్యం కాదు.

జవాబు 4

ఫోను గురించి ఎవరూ చెప్పలేదు కనుక క్లుప్తంగా చెబుతాను. ఫోను నీడలను తనంతట తానే ఎత్తి, వెలుగును దించి, పై జవాబులో చెప్పిన ఆ పొడుగు నీడలన్నిటినీ చప్పగా చేసేస్తుంది. వెలుగు పడిన చోట వేలితో కాసేపు నొక్కి ఫోకస్‌ను, ఎక్స్‌పోజర్‌ను బిగించి, తర్వాత వేలిని కిందికి జరిపి వెలుతురు తగ్గించండి. రెండింతలు దగ్గరగా చూపే లెన్స్ ఉంటే ఆకులకు, చేతులకు దాన్నే వాడండి.

కెమెరా వాడేవారు చలిలోంచి వెచ్చని గదిలోకి నేరుగా తీసుకురాకూడదు, అద్దాల మీద, కొన్నిసార్లు లోపల కూడా తేమ పడుతుంది. బయట ఉండగానే గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూసి, లోపలికి తెచ్చాక కెమెరా గది వేడికి చేరేదాకా తెరవకండి. అదనపు బ్యాటరీని లోపలి జేబులో, ఒంటికి ఆనేలా పెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు

మూడు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. మొత్తం 412 చిత్రాలు తీశాను, తొమ్మిది ఉంచుకున్నాను. మొదటి వారం ఏమీ రాలేదు. అలవాటు కొద్దీ చెట్టు పైకే చూస్తూ ఉండిపోయాను. రెండవ వారం జవాబు 1లో చెప్పినట్టు అవతలి వైపుకు మారి, సూర్యుడికి ఎదురుగా 85 మిల్లీమీటర్ల లెన్స్‌తో నిలబడ్డాను. ఒక పెద్దాయన బస్సు కోసం చూస్తూ భుజం మీద పడిన ఆకును దులుపుకోకుండా అలాగే నిలబడిపోయారు. వెనక గోడ నీడలో నల్లగా ఉంది, ఆకు మాత్రం వెలుగుతోంది. ఆ చిత్రంలో చెట్టు లేదు.

రాలుతున్న ఆకు గాలిలో ఉండగా పట్టుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. షట్టరును 1/500 సెకను మాత్రమే తెరచి తీస్తే ఆకు నిలిచింది గాని గోడకు ఎవరో అతికించినట్టుగా కనిపించింది. 1/30కి తగ్గించి కెమెరాను స్తంభానికి ఆనించి తీస్తే నిలబడ్డ మనుషుల మధ్య ఒక పసుపు గీతలా వచ్చింది, అదే నాకు నచ్చింది. వైట్ బ్యాలెన్స్ విషయంలో జవాబు 2 వైపే మొగ్గుతున్నాను. నీలం ఉండనిచ్చాక గాని ఆ ఉదయాల చలి చిత్రంలోకి రాలేదు.

దీపం చుట్టూ ఆకుల గుత్తి నిజంగానే మిగిలింది. కాని రాత్రి దాన్ని తీస్తే దగ్గరి ఆకులు తెల్లగా వెలిగిపోయి, మిగతాదంతా కాటుక నలుపైపోతోంది. దీనికి ఏమైనా ఉపాయం ఉందా?

జవాబు 3

పూర్తిగా చీకటి పడ్డాక వెళ్తున్నట్టున్నారు. సూర్యుడు అస్తమించిన ఇరవై నిమిషాల నుంచి అరగంట లోపు వెళ్లండి. అప్పుడు ఆకాశపు నీలం, దీపపు వెలుగు దాదాపు ఒకే స్థాయిలో ఉంటాయి కనుక కొమ్మలు, గోడ, కింద నిలబడ్డవారు కూడా కనిపిస్తారు. మీటరును దీపం దగ్గరి ఆకుల మీదే పెట్టి, దీపం బల్బు మాత్రం ఒక కొమ్మ వెనక్కి వెళ్లేలా అర అడుగు పక్కకు జరగండి. వెచ్చని రంగు దీపమైతే వైట్ బ్యాలెన్స్‌ను 4000 కెల్విన్ దగ్గర ప్రయత్నించి చూడండి, ఆకులు పసుపుగానే ఉండి ఆకాశం మరింత నీలమవుతుంది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న ఊళ్లలో సూర్యుడు నిటారుగా దిగిపోతాడు కనుక ఈ సమయం ఇంకా తక్కువ. స్టాండు బిగించి, ఫ్రేము కూర్చుకుని, అస్తమయానికి ముందే సిద్ధంగా ఉండాలి.